గేటమ్మ మీద కట్టిన పాట

గేటమ్మ ఆ పాటను మొదటిసారి విన్నది కూతురి గొంతులోనే.

ఆదివారం పొద్దున. డ్యూటీ దిగి వచ్చి పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. లోపల పిల్ల అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటూ, రేడియోతో గొంతు కలిపి పాడుతోంది. గిటారు రంపంలా కోస్తోంది. దాని కింద డ్రమ్ములు నాలుగు దెబ్బలు, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నాలుగు దెబ్బలు.

"ఆ పెట్టెలో ఎవర్నో కొడుతున్నారే!" అంది మంచం మీద నుంచి అత్తగారు. ఆవిడకు చెవులు ఏనాడో సగం పోయాయి. కోడలు పిలిస్తే వినపడదు గానీ రాక్ సంగీతం మాత్రం శుభ్రంగా వినపడుతుంది.

"కొట్టడం కాదు నాయనమ్మా, డ్రమ్స్! కొత్త పాట. ఈ వారమే హిట్ పాటల పట్టికలోకి వచ్చింది. ముప్పై ఎనిమిదో స్థానం."

గేటమ్మ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. మాటలు ఆమెకు ఇంకా అందలేదు. ఆ దెబ్బలు మాత్రం తెలుసు. రేకు తలుపు మీద పిడికిలితో అలాగే బాదాడొకడు. నాలుగు బాది, లోపల్నుంచి జవాబు వస్తుందేమోనని ఆగి, మళ్ళీ నాలుగు.

అప్పుడు మాటలు చెవిన పడ్డాయి.

*వాన కురిసే అర్ధరాత్రి, వాడి ఊపిరి జారిపోతోంది,*
*తియ్యవే గేటు, తియ్యవే! నిద్దరమ్మా, లేచి తియ్యవే!*

గుండెల్లో రైళ్ళు పరిగెత్తడమంటే ఏమిటో, రైలు గేటు దగ్గర పదేళ్ళు పనిచేసిన మనిషికి ఆ పొద్దుటే తెలిసింది.

పట్టాల పని చేస్తూ భర్త పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ఊరు దాటాక, మూతపడిన ఇటుక బట్టీ పక్కన, ఎత్తయిన చిమ్నీ నీడలో ఉంటుంది గేటు. ఒక చిన్న గది, స్టేషన్‌కు మాత్రమే పలికే ఫోను, గేటు ఎత్తి దించే చక్రం, ఎర్రజెండా, పచ్చజెండా. రైలు వస్తోందని స్టేషన్ నుంచి ఫోను వస్తే గేటు దించి "దించాను" అని మాట ఇవ్వాలి. ఆ మాట మీదే వాళ్ళు సిగ్నల్ ఇస్తారు. మాట ఇచ్చాక గేటు బిగుసుకుపోతుంది. రైలు దాటేదాకా చక్రం తిరగదు. తిప్పి తీరాలంటే గోడమీద చిన్న అద్దం పెట్టెలో ఒక తాళంచెవి ఉంది, అద్దం పగలగొట్టి తీయాలి. రైలు బయల్దేరాక దాని జోలికి పోకూడదు. పోతే ఏమవుతుందో చెప్పే ఫోటోలు ఉద్యోగంలో చేరిన రోజే చూపించారు.

పాటకు ఏడాదిన్నర ముందు ఒక సాయంత్రం, ఇంకా దీపాలు కూడా పెట్టని వేళ, గూడ్సు బండికి మాట ఇచ్చేసిన తర్వాత ఒక తెల్ల వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. హోరున వాన. బారు జుట్టు కుర్రాడొకడు దిగి పరిగెత్తుకొచ్చి గది తలుపు బాదాడు. "మా వాడు చచ్చిపోతున్నాడు, తియ్యండి!" అని అరిచాడు. ఆమె తలుపు తీసింది. బండి బయల్దేరిందని చెప్పింది. అతను కాళ్ళ మీద పడ్డాడు. స్టేషన్‌కు ఫోను చేస్తే "అస్సలు తియ్యకు" అన్నారు. ఆమె అద్దం పెట్టె వంక చూసింది. చాలాసేపు చూసింది. గూడ్సు వచ్చింది. ఎప్పటికీ తెగనన్ని పెట్టెలు. అది పోయాక వ్యాను దూసుకుపోయింది. లోపల ఉన్నవాడు ఆసుపత్రికి చేరేసరికి ప్రాణంతో లేడని విచారణలో తెలిసింది. ఆమె తప్పేమీ లేదని రాసి సంతకాలు పెట్టారు. ఇంట్లో ఆమె ఈ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు దాన్ని కూతురు జడ వేసుకుంటూ పాడుతోంది.

వారం తిరిగేసరికి పాట ఇరవై ఒకటికి వచ్చింది. మరో రెండు వారాలకు తొమ్మిది. పట్టికలో అది ఎంత పైకెక్కితే గేటు దగ్గర గాలి అంత బిగుసుకుంది. మొదట లారీవాళ్ళు మొదలుపెట్టారు. గేటు దించగానే నాలుగు హారన్లు, ఒక క్షణం ఆగి, మళ్ళీ నాలుగు. వాళ్ళది సరదా. పాట ఈ గేటుదేనని వాళ్ళకు తెలియదు. దించి ఉన్న ఏ గేటు ముందైనా అలాగే కొడుతున్నారట. ఆమె మాత్రం ప్రతి మోతకూ తలుపు వైపు చూసేది.

తర్వాత ఒక సంగీత వారపత్రికలో ఆ పాట పాడిన గాయకుడు 'ఈ పాట వెనక కథ' చెప్పాడు. పోయినవాడు తమ బృందంలో డ్రమ్ములు వాయించేవాడనీ, అందరూ వాణ్ణి పిడుగు అని పిలిచేవారనీ, వాడు లేని మొదటి పాట ఇదేననీ చెప్పాడు. "ఆ గేటు ఎక్కడుందో చెప్పను, ఎవర్నీ బాధపెట్టడం నాకిష్టం లేదు. పక్కన ఒక ఇటుక బట్టీ చిమ్నీ ఉంటుంది, అంతే" అన్నాడు. చెప్పను చెప్పనంటూనే దారి చూపించి పెట్టాడు. పాట మూడో స్థానానికి వచ్చిన వారం, ఎవరో గది గోడ మీద నల్లరంగుతో 'నిద్దరమ్మా' అని రాసి వెళ్ళారు. ఆమె సున్నం కొట్టింది. రెండు రోజులకు మళ్ళీ రాశారు, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో.

ఆ సాయంత్రమే కూతురు బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా వంటగది గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, ఆవిడ నువ్వేనా?"

గేటమ్మ పొయ్యి కట్టేసింది. "ఎవరు చెప్పారు?"

"అందరూ చెబుతున్నారు. నేను వెళ్తుంటే బల్లలు కొడుతున్నారు. నిజం చెప్పు. నువ్వు నిద్రపోయావా?"

"లేదు."

"మరి పాటలో అలా ఎందుకుంది? పేపర్లో కూడా రాశారుగా!"

"అతను పాట రాశాడే తల్లీ. సాక్ష్యం చెప్పలేదు."

పిల్ల నమ్మిందో లేదో తెలియలేదు. ఆ రాత్రి పిల్ల గోడకు అంటించుకున్న ఆ బృందం బొమ్మ దిగిపోయింది. దాని వెనక గోడ మిగతా గోడకన్నా తెల్లగా, నాలుగు పలకలుగా కనిపించింది. "బొమ్మ పీకేస్తే పోయేదా ఇది? ఊరి నోటికి మూత ఎవరు పెడతారు!" అంది అత్తగారు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఆవిడకు ఎంత వినపడాలో అంతా వినపడింది.

పై అధికారి గేటు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమె బదిలీ అడిగింది. ఆయన నవ్వేశాడు. "పాటమ్మా ఇది, పెళ్ళి కాదు. నెల రోజులుంటుంది. ఆ తర్వాత ఇంకోటి వస్తుంది."

ఇంకోటి రాలేదు. పాట మొదటి స్థానానికి వెళ్ళి అక్కడే కూర్చుంది. జనం బస్సులు దిగి రావడం మొదలైంది. పువ్వులు పెట్టేవాళ్ళు పెట్టారు, ఫోటోలు దిగేవాళ్ళు దిగారు. అవేవీ ఆమెను అంతగా భయపెట్టలేదు. ఒక మధ్యాహ్నం స్టేషన్ ఫోను మోగింది. ఎత్తితే అవతల మాట లేదు. ఊపిరి చప్పుడు. తర్వాత చాలా మెల్లగా, పెదాలు మూసుకుని, ఎవరో ఆ బాణీ తీశారు. ఆ ఫోను స్టేషన్ గదిలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. రోజూ ఆమె మాట మీద సిగ్నల్ ఇచ్చే కుర్రాడే. ఆ పూట రైలుకు మాట ఇస్తుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

గాయకుడి బృందంలో లావు తీగల గిటారు వాయించే అతనికి మౌని అని పేరు. వేదిక మీద పెదవి విప్పడు. ఒక రోజు ఎండలో చిమ్నీ వైపు నుంచి ఒక్కడే నడిచి వచ్చాడు. ఆమె ముందు ఇంకో ఫోటో మనిషనుకుంది. అతను గది బయట బెంచీ మీద కూర్చుని, "వ్యానులో వెనక ఉన్నది నేనే అక్కా. వాడి తల నా ఒళ్ళోనే ఉంది" అన్నాడు.

ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"మీ గేటు దగ్గరికి వచ్చేసరికే వాడు లేడు."

"ఏమిటి?"

"చిమ్నీ కనపడకముందే పోయాడు. చెయ్యి చల్లబడిపోయింది. నాకు తెలుసు. బండి తోలుతున్నది మా గాయకుడే, వాడికి చెబితే అక్కడే ఏ చెట్టుకో గుద్దేసేవాడు. ఆసుపత్రికెళ్ళాక చెబుదామనుకున్నా. చెప్పలేదు. ఆ తర్వాత వాడు పాట రాశాడు."

"రాసినప్పుడైనా చెప్పొచ్చుగా!"

"అప్పటిదాకా వాడు అన్నం ముట్టలేదక్కా. ఆ పాట రాశాకే తిన్నాడు."

ఈ రెండేళ్ళలో ఆ అద్దం పెట్టె ఆమె కలల్లోకి రాని వారం లేదు. కలలో ఎప్పుడూ అద్దం పగిలేది, తాళం చేతికొచ్చేది, గేటు మాత్రం లేచేది కాదు. ఇప్పుడు ఈ మనిషి వచ్చి, నువ్వు ఏం చేసినా ఒకటేనంటున్నాడు. ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది కోపం.

"సరే. మరి అర్ధరాత్రి ఏమిటి? ఇంకా దీపాలు కూడా పెట్టలేదు కదా!"

అతను తల దించుకున్నాడు. "సాయంత్రం అంటే బాణీలో ఇమడలేదు."

"నిద్ర?"

"రికార్డు కంపెనీవాళ్ళు కలిపారు. ఊరికే తియ్యకపోతే జనానికి కోపం రాదన్నారు."

"ఓహో! నా బతుకు మీ బాణీకి పొడుగైందని కత్తిరించి కుట్టుకున్నారన్నమాట."

అతను లేచాడు. "వాడు పోయిన తేదీకి ఇక్కడే పాడబోతున్నాం. రేడియోవాళ్ళు వచ్చి రికార్డు చేస్తారు. జనం మామూలుగా రారు. మీరు ఆ రోజు డ్యూటీలో ఉండకండి. ఇది చెప్పడానికే వచ్చా."

"ఆ రోజుకైనా అతనికి నిజం చెబుతావా?"

మౌని అని ఊరికే పేరు పెట్టలేదు.

ఆమె సెలవు పెట్టింది. ఆమె బదులు రావలసిన మనిషి ఆ పొద్దున జ్వరమని కబురంపాడు. అది ఏ రకం జ్వరమో స్టేషన్లో అందరికీ తెలుసు, కానీ గేటు ఖాళీగా వదలడానికి లేదు. గేటమ్మ బూట్లు వేసుకుంటుంటే కూతురు తన చెప్పులు తెచ్చుకుంది.

"నువ్వెక్కడికే?"

"నీతో."

"వద్దు."

"నువ్వు ఒక్కదానివే వెళ్తే నేనిక్కడ చచ్చిపోతానమ్మా భయంతో. అక్కడే భయపడతా, నడువు."

మధ్యాహ్నానికి బట్టీ మైదానం నిండింది. గేటుకు కూతవేటు దూరంలో లారీ ఒకటి ఆపి, దాని మీద డ్రమ్ములు, పెట్టెలంత స్పీకర్లు పెట్టారు. ఇద్దరు పోలీసులు వచ్చి, జనాన్ని చూసి, చిమ్నీ నీడలో నిలబడ్డారు. మబ్బు పట్టింది గానీ వాన రాలేదు. జనానికి వానే కావాలని ఉంది. మాటిమాటికీ ఆకాశం వంక చూస్తున్నారు.

పట్టాల మీదికి ఎవరూ రాకూడదని ఆమె గేటు దించే ఉంచింది. ఆ పాట మొదలవగానే దించిన గేటు ఒక లెక్కలోకి రాలేదు. రెండు వైపుల నుంచీ దూకి వచ్చారు. పట్టాల మీద, కంకర మీద, ఇసుక వేస్తే రాలనంత జనం. నాలుగు దెబ్బలకు నాలుగుసార్లు కాళ్ళతో నేల తొక్కుతున్నారు. గది కిటికీ రెక్కలు గడగడలాడాయి. "నిద్దరమ్మా, లే!" అని ఎవరో అరిచారు. ఆ అరుపు వందమంది అందుకున్నారు. రేకు కప్పు మీద రాయి పడింది. ఇంకోటి పడింది. పిల్ల బల్ల కిందికి దూరి తల్లి కాలు పట్టుకుంది.

అప్పుడే ఫోను మోగింది.

"ఎక్స్‌ప్రెస్ వచ్చి నిలబడింది. గేటు దించావా?" స్టేషన్ కుర్రాడు.

"పట్టాల మీద జనం ఉన్నారు. బండి పంపొద్దు."

"జనాన్ని తొయ్యడం పోలీసుల పని. నేనడిగింది గేటు సంగతి. నా దగ్గర దించినట్టే చూపిస్తోంది."

"మాట ఇవ్వను."

"మాట ఏముందమ్మా, దించే ఉందిగా! ఎక్స్‌ప్రెస్‌ను ఆపానని పైవాళ్ళు నన్ను తింటారు. ఇస్తున్నా సిగ్నల్."

ఆమె ఫోను పడేసింది. గేటు పైకి లేచి ఉంటే అవతల వాడు తలకిందులైనా సిగ్నల్ పడదు. మాట ఇవ్వలేదు కాబట్టి చక్రం ఇంకా బిగుసుకోలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. రాళ్ళు వేస్తున్నవాళ్ళ ఎదురుగానే నిలబడి చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. చక్రం బరువు. కూతురు బల్ల కింద నుంచి వచ్చి రెండో వైపు పట్టుకుంది.

గేటు లేచింది.

జనం ఒక్క అరుపు అరిచారు. ఆ అరుపుకు చిమ్నీ మీది పావురాలన్నీ లేచిపోయాయి. గేటమ్మ లొంగిపోయిందనుకున్నారు వాళ్ళు. కొందరు ఏడ్చారు, ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. దూరంగా స్టేషన్లో ఆగిన ఎక్స్‌ప్రెస్ పొడుగ్గా కూత పెట్టింది. అది ఎందుకు రాలేదో ఎవరూ ఆలోచించలేదు.

పాట ఆగిపోయింది. గేటు లేచిన తర్వాత ఏం పాడాలో ఆ పాటలో లేదు. గాయకుడు లారీ దిగి జనాన్ని చీల్చుకుంటూ వచ్చాడు. వెనకే మౌని. రెండేళ్ళ కిందట వానలో కాళ్ళు పట్టుకున్న ముఖమే, కాస్త ఒళ్ళు చేసింది.

"ఆ రోజు ఎందుకు తియ్యలేదు?" అన్నాడు. ఆమెకు తప్ప ఎవరికీ వినపడనంత నెమ్మదిగా అన్నాడు. "ఇవాళ తీశారు కదా. ఆ రోజెందుకు తియ్యలేదు?"

"ఆ రోజు బండి బయల్దేరింది. ఇవాళ ఇంకా బయల్దేరలేదు."

"అద్దం పగలగొట్టి తియ్యొచ్చట. నాకు తర్వాత చెప్పారు. వాడు బతికేవాడు."

ఆమె అతని భుజం మీదుగా మౌని వంక చూసింది. "ఆ సంగతి అడగాల్సింది నన్ను కాదు బాబూ."

గాయకుడు వెనక్కి తిరిగాడు. మౌని చేతులు ముందుకు చాచాడు, ఒళ్ళో ఇంకా ఏదో బరువు ఉన్నట్టు. వాటి వంక చూసుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గాయకుడి ముఖంలో రక్తం దిగిపోవడం గేటమ్మ కళ్ళారా చూసింది. చేతి మీద చల్లదనం అతనికీ ఆ క్షణంలోనే తగిలినట్టుంది.

"ఎప్పుడు?" అన్నాడు గాయకుడు.

"చిమ్నీకి ముందే."

చుట్టూ జనం నేల తొక్కుతున్నారు. నాలుగు, ఆగి, నాలుగు. "మళ్ళీ! మళ్ళీ!" అని అరుస్తున్నారు. ఎవరో మైకు తెచ్చి గాయకుడి చేతిలో పెట్టారు. అతను దాని వంక, జనం వంక, ఆమె వంక చూశాడు. ఇప్పుడు చెబుతాడని ఆమె అనుకుంది. కూతురు కూడా అలాగే అనుకుంది కాబోలు, తల్లి చెయ్యి గట్టిగా నొక్కింది.

అతను మళ్ళీ పాడాడు. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట మార్చకుండా, అర్ధరాత్రి, నిద్ర అన్నీ అలాగే పెట్టి పాడాడు. కళ్ళు మాత్రం ఆమె మీద నుంచి తియ్యలేదు. చివరి చరణంలో గొంతు చీలిపోయింది. మౌని లారీ దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. లావు తీగలు లేకుండానే పాట నడిచింది.

చీకటి పడకముందే పోలీసులు ఇంకొందరు వచ్చి జనాన్ని తోలారు. ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది. దాన్ని ఆలస్యం చేసినందుకు గేటమ్మను సంజాయిషీ అడిగారు. ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి ఎవరి ప్రాణం నిలబడిందో లెక్క తేలలేదు. స్టేషన్ కుర్రాణ్ణి మాత్రం ఆమె చెప్పిన మాట పట్టుకుని ఒకళ్ళు విచారించారు. అతను వేరే ఊరు పోయాడు. ఆమెను పార్సిల్ ఆఫీసుకు మార్చారు. ఎండా వానా లేని పని, మూటల మీద చీటీలు అంటించడం.

గేటు దగ్గర రెండోసారి పాడినప్పుడు రికార్డు చేసిన పాట నెల తిరక్కుండా బయటికి వచ్చింది. వచ్చిన వారమే నేరుగా మొదటి స్థానంలో దిగింది. మొదటిదానికన్నా ఎక్కువ కాలం నిలిచింది. ఇంత బాధ ఏ గొంతులోనూ వినలేదని పత్రికలు రాశాయి. తన స్నేహితుడి చావుకు కారణమైన మనిషిని ఎదురుగా చూస్తూ పాడాడు గనుకే అంత బాధ వచ్చిందని వివరించాయి. మౌని బృందం వదిలేశాడు. అతని నోటి నుంచి ఒక్క మాట వచ్చినట్టు ఎక్కడా రాలేదు.

చలికాలంలో ఒక ఉదయం, పార్సిల్ కిటికీ ముందు వరసలో తలకు గుడ్డ చుట్టుకున్న మనిషొకడు నిలబడ్డాడు. వంతు వచ్చాక కిటికీలో మూట పెట్టలేదు. చేతులు పెట్టాడు. గేటమ్మ తలెత్తింది. అతను బాగా చిక్కిపోయాడు.

"మిమ్మల్ని ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా?" అన్నాడు గాయకుడు.

"ఇక్కడ ఎవరికీ తెలియదు."

"ప్రతి చోటా అదే పాట అడుగుతారు. నేను వేరేది మొదలుపెడితే నేల తొక్కుతారు. ఆ చప్పుడు..." ఆగాడు. "నిజం చెబుదామని రెండుసార్లు మైకు పట్టుకున్నాను. మాట వచ్చేలోపు వాళ్ళే పాడేస్తున్నారు."

"అన్నం తింటున్నారా?" అంది ఆమె.

వెనకున్నవాళ్ళు విసుక్కుంటున్నారు. మెడలో చీటీల పలక వేసుకున్న పక్కబల్ల ఆయన, "ఏమిటమ్మా ఆలస్యం?" అని కేకేశాడు.

గాయకుడు కిటికీ మీంచి చేతులు తీసేశాడు. "సాయంత్రం పాడాలి," అని, ఇంకేదో అనబోయి, పక్కకు తప్పుకున్నాడు. అతని వెనకున్న మనిషి ముందుకు వచ్చి మూట కిటికీలో పెట్టాడు. గేటమ్మ దాన్ని తూకం మీదికి లాగి, ముల్లు నిలబడేదాకా చూసి, చీటీ రాసింది. తలెత్తేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు. బయట రోడ్డు మీద కారు ఒకటి ఇంజను ఆపకుండా చాలాసేపు నిలబడి, తర్వాత కచేరీ ఉన్న వైపుకు మళ్ళింది.